ఎండిన గడ్డి మీద పాత గీతలు

2013 జులైలో ఇంగ్లండులో ఎండలు బాగా కాశాయి. స్టోన్‌హెంజ్ దగ్గర గడ్డి ఎండిపోతోందని అక్కడి సిబ్బంది రబ్బరు గొట్టంతో నీళ్ళు పట్టడం మొదలుపెట్టారు. గొట్టం పొడవు చాలలేదు. రాళ్ళ వలయంలో ఒక పక్కకు నీళ్ళు అందలేదు. నీళ్ళు అందని ఆ పక్కన గడ్డి అంతా ఒకేలా ఎండలేదు. కొన్ని చోట్ల మాత్రం మరీ మాడినట్టు మచ్చలు పడ్డాయి. రోజూ ఆ దారినే తిరిగే ఒక ఉద్యోగి ఆ మచ్చలు చూసి ఆగిపోయాడు. వలయం పూర్తిగా ఉండి ఉంటే రాళ్ళు ఎక్కడెక్కడ నిలబడాలో, సరిగ్గా అక్కడే మచ్చలు ఉన్నాయి.

స్టోన్‌హెంజ్ బయటి వలయంలో మొదట 30 రాళ్ళు నిలబెట్టారా, లేక కట్టేవాళ్ళు ఆ పక్కన పని మధ్యలోనే వదిలేశారా అన్నది అప్పటికి చాలాకాలంగా నలుగుతున్న ప్రశ్న. ఎన్నో పరికరాలతో వెతికినా తేలని ఆ విషయంలో, వలయం పూర్తయిందనే వాదానికి చాలని గొట్టం ఒక సాక్ష్యాన్ని ఇచ్చింది. మరుసటి ఏడాది, 2014లో, ఆ మచ్చల వివరం 'ఆంటిక్విటీ' అనే పురావస్తు పత్రికలో వ్యాసంగా వచ్చింది. గొట్టం ఇంకొంచెం పొడవుండి ఉంటే ఆ వ్యాసం లేదు.

నేను చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చరిత్ర నా చదువు కాదు. కానీ ఈ గొట్టం కథ విన్నప్పటినుంచి, పైనుంచి నేలను చూసి పాత సంగతులు కనిపెట్టే ఈ విద్య మీద నాకు ఆసక్తి పట్టుకుంది. దాని కథ కొంత, అది మన తెలుగు నేల మీదికి వస్తే ఏమవుతుందన్నది కొంత, ఇక్కడ చెప్పాలని ప్రయత్నం.

మట్టి మరచిపోదు

ఒక మంచి సమాధి చుట్టూ మూడు, నాలుగు వేల ఏళ్ళ క్రితం ఎవరో గుండ్రంగా కందకం తవ్వారనుకోండి. తవ్విన మట్టిని మధ్యలో దిబ్బగా పోశారు. కాలం గడిచేకొద్దీ కందకం ఒండ్రుతో, ఆకులతో, పక్కనుంచి జారిన మట్టితో పూడిపోయింది. తర్వాత నాగళ్ళు వచ్చి దిబ్బను చదును చేశాయి. ఇప్పుడు ఆ పొలంలో నిలబడితే ఏమీ తెలియదు. కానీ కింద గట్టి సున్నపు నేలనో, గులకరాళ్ళ పొరనో తొలిచిన గాడి అలాగే ఉంది. అందులో నిండిన మెత్తటి మట్టి చుట్టుపక్కల నేలకన్నా ఎక్కువ తేమ పట్టుకుంటుంది.

ఆ పొలంలో బార్లీ వేశారు. వానలు సరిగా ఉన్నంతకాలం పైరంతా ఒకటే ఎత్తు. వానలు మొహం చాటేసిన ఏడు మాత్రం, పాత కందకం మీద ఉన్న మొక్కల వేళ్ళు ఆ లోతు మట్టిలోకి దిగి తేమ తాగుతాయి. అవి ఎత్తుగా, పచ్చగా నిలుస్తాయి. పక్కవి పండిపోయి పసుపురంగుకు తిరుగుతాయి. పైనుంచి చూసేవాడికి పసుపు పొలంలో ఆకుపచ్చ వలయం కనిపిస్తుంది. దీనికి వ్యతిరేకం కూడా ఉంది. నేల కింద పాత గోడ పునాది ఉంటే దాని మీద మట్టి పలుచగా ఉంటుంది కాబట్టి అక్కడి పైరు గిడసబారి ముందే ఎండుతుంది. పెంటకుప్ప ఎత్తేసిన చోట పైరు ఏపుగా పెరగడం, బండ మీద మట్టి పలుచగా ఉన్నచోట మాడిపోవడం మన రైతులందరికీ తెలిసిన సంగతే. సూత్రం అదే. వీటిని పైరు గుర్తులు అనుకుందాం.

ఇంకా రెండు రకాలున్నాయి. దున్నిన కొత్తలో, పూడిన కందకం ముదురు రంగు పట్టీగానూ, చదునైపోయిన సున్నపు మట్టికట్ట తెల్లటి పట్టీగానూ కనిపిస్తాయి. ఇవి మట్టి గుర్తులు. దున్నకుండా వదిలేసిన బీళ్ళలో పాత కట్టలు జానెడో మూరెడో ఎత్తు మిగిలే ఉంటాయి. మిట్టమధ్యాహ్నం వాటిని చూడలేం. పొద్దువాలే వేళ ఏటవాలు ఎండలో వాటి నీడలు పొడుగ్గా సాగి, కోట గోడల రూపం అంతా గీసినట్టు బయటపడుతుంది. ఇవి నీడ గుర్తులు.

ఇదంతా పైనుంచే ఎందుకు చూడాలి అంటే, వాకిట్లో ముగ్గు మీదుగా పోయే చీమను తలచుకోవాలి. తెల్లటి పిండి ఒకటి అడ్డొచ్చిందని మాత్రమే దానికి తెలుస్తుంది. అరుగు మీద నిలబడిన మనిషికి అది ఎనిమిది రేకుల పద్మం. పొలంలో నడిచే మనిషి ఆ చీమలాంటివాడు.

అయితే మనిషి అసలేమీ గమనించలేదనుకుంటే పొరపాటు. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో రిచ్‌బరో అనే పాత రోమన్ స్థలం ఉంది. అక్కడి పైరులో వీధుల్లాంటి గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ కనిపిస్తాయని, జనం వాటిని సెయింట్ అగస్టిన్ శిలువ అంటారని విలియం కామ్‌డెన్ అనే చరిత్రకారుడు 400 ఏళ్ళ క్రితమే రాశాడు. విమానాలు రాకముందే రైతుకు గీతలు తెలుసు. వాటికి ఒక పేరు, ఒక కథ కూడా పెట్టుకున్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాం.

బొంబాయిలో పుట్టినాయన

బ్రిటన్‌లో ఒక పురావస్తు స్థలాన్ని ఆకాశం నుంచి ఫోటో తీయడం మొదటిసారి 1906లో జరిగింది. సైన్యపు బెలూన్ విభాగంలో లెఫ్టినెంటుగా ఉన్న షార్ప్ స్టోన్‌హెంజ్‌ను బెలూన్ మీదినుంచి తీశాడు. కానీ ఫోటోలు తీయడం వేరు, వాటిని చదవడం వేరు. చదవడం నేర్పినవాడు ఓ.జి.ఎస్. క్రాఫర్డ్.

ఈయన పుట్టింది 1886లో బొంబాయిలో. తండ్రి బ్రిటిష్ ఇండియాలో న్యాయాధికారి. తల్లి ప్రసవమైన కొద్దికాలానికే చనిపోవడంతో పసిగుడ్డును ఇంగ్లండులో మేనత్తల దగ్గరకు పంపేశారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయన విమానంలో పరిశీలకుడిగా, అంటే పైనుంచి శత్రువుల కందకాలను చూసి గుర్తించేవాడిగా పనిచేశాడు. 1918లో విమానం కూలి జర్మనుల చేతికి చిక్కి, యుద్ధం ముగిసేదాకా ఖైదీగా ఉన్నాడు. 1920లో బ్రిటిష్ సర్వే శాఖ అయిన ఆర్డ్‌నెన్స్ సర్వేలో మొట్టమొదటి పురావస్తు అధికారిగా చేరాడు. పాత దిబ్బలు, కోటలు మ్యాపులో సరైన చోట గుర్తించారా లేదా అని చూడటం ఆయన ఉద్యోగం.

ఆ ఉద్యోగంలో ఉండగా, హాంప్‌షైర్ మీద వాయుసేన తీసిన ఫోటోల్లో వింత గీతలున్నాయి, వచ్చి చూడమని ఒక అధికారి కబురుపెట్టాడు. క్రాఫర్డ్ వెళ్ళి చూశాడు. ఆ గీతలు రోమన్ల కాలానికీ, అంతకుముందు కాలానికీ చెందిన చిన్నచిన్న మడుల హద్దులని పోల్చుకున్నాడు. కొండవాలు మీద విడివిడి గట్లుగా అప్పటిదాకా ఎవరికీ అంతుపట్టనివి, ఫోటోలో ఒక ఊరి వ్యవసాయం మొత్తంగా కనిపించాయి.

ఆయన చేసిన ఇంకొక పని నాకు మరీ ఇష్టం. స్టోన్‌హెంజ్‌కు ఒక ఊరేగింపు దారి ఉంది. రెండు కందకాల మధ్య సాగే ఆ దారిని 1720ల్లో విలియం స్టూక్లీ అనే పండితుడు గుర్తించాడు. కానీ కొంతదూరం పోయాక దాని జాడ పొలాల్లో కలిసిపోయింది. 1921లో వాయుసేన తీసిన ఫోటోలను తర్వాత చూస్తూ క్రాఫర్డ్ రెండు సన్నటి సమాంతర రేఖలను పట్టుకున్నాడు. దారి తూర్పుకు సాగి, వంపు తిరిగి, ఏవన్ నది వైపు పోతోంది. అంతటితో ఆగి 'కనిపెట్టాను' అని పత్రికల వాళ్ళను పిలిచి ఉండొచ్చు. ఆయన అలా చేయలేదు. 1923లో పార పట్టుకుని పోయి ఆ రేఖలకు అడ్డంగా కొన్ని చోట్ల తవ్వి చూశాడు. ఫోటో చెప్పిన చోటే పూడిన కందకాలు దొరికాయి.

నా వృత్తి భాషలో చెప్పాలంటే ఆయన తన ప్రోగ్రామును టెస్ట్ చేశాడు. ఈ విద్యకు పునాది ఆ ఫోటో ఎంతో, ఆ పార కూడా అంతే.

1924లో క్రాఫర్డ్, అలెగ్జాండర్ కీలర్ కలిసి విమానం అద్దెకు తీసుకుని దక్షిణ ఇంగ్లండు మీద తిరిగి వందల ఫోటోలు తీశారు. కీలర్ డండీ పట్టణంలో మార్మలేడ్ వ్యాపారం చేసే కుటుంబం వాడు. పొద్దున్నే బ్రెడ్డు మీద రాసుకునే నారింజ జామ్ డబ్బు ఇలా చరిత్రకు ఖర్చయింది. 1928లో 'వెసెక్స్ ఫ్రమ్ ది ఎయిర్' పేరుతో ఆ ఫోటోలు పుస్తకంగా వచ్చాయి. అంతకు ఏడాది ముందే, 1927లో, క్రాఫర్డ్ 'ఆంటిక్విటీ' పత్రికను స్థాపించాడు. గొట్టం కథ వచ్చింది అందులోనే.

గోధుమ చేలో చుక్కలు

1925 డిసెంబరులో స్క్వాడ్రన్ లీడర్ గిల్బర్ట్ ఇన్సాల్ స్టోన్‌హెంజ్ పరిసరాల మీద విమానం నడుపుతున్నాడు. యుద్ధంలో విక్టోరియా క్రాస్ పొందిన పైలట్ ఆయన. కింద దున్నిన పొలంలో ఒక పెద్ద వలయం, దాని లోపల తెల్లటి చుక్కలు కనిపించాయి. అక్కడ ఒక పాత సమాధి దిబ్బ ఉండేదని అందరూ అనుకునేవారు. ఇన్సాల్ తొందరపడలేదు. 1926 వేసవిలో గోధుమ ఎదిగాక మళ్ళీ వచ్చి చూశాడు. ఈసారి చుక్కలు ముదురు ఆకుపచ్చగా, వరుసల మీద వరుసలుగా ఉన్నాయి.

మాడ్ కన్నింగ్‌టన్, ఆమె భర్త బెన్ కలిసి అక్కడ తవ్వారు. ఆ చుక్కలన్నీ ఒకప్పుడు పెద్దపెద్ద కర్ర స్తంభాలు పాతిన గుంటలు. మొత్తం 168, ఒకదానిలో ఒకటిగా ఆరు వలయాలు. మధ్యలో ఒక పసిబిడ్డ సమాధి. రాళ్ళ స్టోన్‌హెంజ్‌కు జతగా దీనికి వుడ్‌హెంజ్ అని పేరొచ్చింది. కర్ర కుళ్ళి మట్టిలో కలిసి నాలుగు వేల ఏళ్ళు దాటింది. అయినా గుంట తవ్విన మచ్చ పోలేదు. ఇప్పుడు అక్కడికి వెళితే గుంట గుంటకూ ఒక కాంక్రీటు దిమ్మె కనిపిస్తుంది. చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. తెలుసుకుని చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

ఈ కథలో ఒక ఇంజనీరు కూడా ఉన్నాడు. ఆక్స్‌ఫర్డ్ ప్రాంతానికి చెందిన మేజర్ జార్జ్ అలెన్. వాళ్ళ కుటుంబ సంస్థ ఆవిరి యంత్రాలతో పొలాలు దున్నే వ్యాపారంలో పేరుపొందింది. పాత దిబ్బలను చదును చేయడంలో అలాంటి యంత్రాల పాత్ర తక్కువేమీ కాదు. ఆయన మాత్రం సొంత విమానం కొనుక్కుని, కెమెరా తానే తయారుచేసుకుని, 1930ల్లో థేమ్స్ లోయ మీద తిరుగుతూ ఆ చదునైపోయిన వాటి గుర్తులన్నీ ఫోటోలు తీశాడు. డార్చెస్టర్ అనే ఊరి దగ్గర గుండ్రటి పెద్ద ఆవరణలు, పొడవాటి కందకాల జంట, సమాధి వలయాలు ఆయన ఫోటోల్లో బయటపడ్డాయి. 1940లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు. యుద్ధం తర్వాత ఇళ్ళకూ రోడ్లకూ కంకర కావలసివచ్చి, ఆ స్థలంలో చాలా భాగం తవ్వుకుపోయారు. ముందే ఫోటోలున్నాయి కాబట్టి, యంత్రాలు రాకముందే కొంతైనా తవ్వి రాసిపెట్టుకోగలిగారు.

థేమ్స్ లాంటి నదుల పక్కనున్న గులకనేల పైరు గుర్తులకు చాలా అనువైనది. కంకర గనులకూ అదే అనువైనది. ఈ చిక్కును వివరిస్తూ 1960లో ప్రభుత్వ సంఘం ఒకటి ఒక పుస్తకమే వేసింది. ఆ తర్వాత చట్టాలు నెమ్మదిగా కదిలాయి. 1990లో వచ్చిన నిబంధనలతో, ఇంగ్లండులో ఏదైనా కట్టబోయే ముందు కింద ఏముందో చూపించవలసిన భారం కట్టేవాడి మీద పడింది. అలా చూసేటప్పుడు ముందుగా తెరిచేది పాత విమాన ఫోటోలనే.

ఎప్పుడు కనబడతాయో

ఈ గుర్తులు ఏడాదిలో కొన్ని వారాలు కనబడి మాయమవుతాయి. కొన్ని పొలాల్లో దశాబ్దాలకు ఒకసారి గాని రావు. అందుకే 1976 కరువును ఇక్కడి పురావస్తు శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తలచుకుంటారు. 2018 వేసవి కూడా అలాంటిదే. ఆ జులైలో ఐర్లండులోని బోయిన్ లోయలో, 5000 ఏళ్ళ నాటి న్యూగ్రేంజ్ సమాధికి దగ్గర్లో, ఆంథొనీ మర్ఫీ, కెన్ విలియమ్స్ అనే ఇద్దరు డ్రోన్లు ఎగరేశారు. ఎవరికీ తెలియని ఒక పెద్ద వలయం, సుమారు 150 మీటర్ల వెడల్పుది, చేలో పచ్చబొట్టులా తేలింది. అదే వేసవిలో డెర్బీషైర్‌లోని చాట్స్‌వర్త్ భవనం ముందు పచ్చికలో 1699 నాటి పూలతోట మడులు ఒకటొకటీ లెక్కపెట్టేంత స్పష్టంగా పైకి వచ్చాయి.

ఇన్నేళ్ళ అనుభవంతో ఆకారాన్ని బట్టి కొంత చెప్పగలుగుతున్నారు. చిన్న వలయం అయితే చదునైన సమాధి దిబ్బ కావచ్చు. తూర్పు యార్క్‌షైర్‌లో చిన్న చతురస్రాలు, మధ్యలో ఒక్కో చుక్క, గుంపులు గుంపులుగా కనిపిస్తే అవి ఇనుపయుగపు శ్మశానాలు. చుక్క ఉన్నచోటే గొయ్యి. వాటిలో కొన్నింట్లో మనిషిని రథంతో సహా పూడ్చారు. కందకం ముక్కలు ముక్కలుగా, మధ్యమధ్య దారులు వదిలి ఉంటే ఐదున్నర వేల ఏళ్ళ పైబడిన తొలి రైతుల ఆవరణ. మూలలు గుండ్రంగా తిరిగి పేకముక్కలా ఉంటే రోమన్ సైనికుల శిబిరం.

కానీ ఫోటోకు తేదీ ఉంటుంది గాని గీతకు తేదీ ఉండదు. మంచుయుగంలో నేల బిగిసి పగిలిన పగుళ్ళు అచ్చం ఆవరణల్లా కనిపిస్తాయి. పుట్టగొడుగులు వలయంగా పెరిగి గడ్డి రంగు మారుస్తాయి. పశువులకు మేత వేసే తొట్టి చుట్టూ తొక్కిన వలయం పడుతుంది. రెండో ప్రపంచయుద్ధపు ఫిరంగి స్థావరాలు కూడా చరిత్రపూర్వ యుగంలా నటిస్తాయి.

ఇందులో నేనూ బోల్తా పడ్డాను. ఒక చలికాలం శని ఆదివారాలన్నీ కంప్యూటర్ ముందు కూర్చుని నల్గొండ జిల్లాలో మా ఊరి చుట్టుపక్కల ఉపగ్రహ చిత్రాలు గాలించాను. మా పాత చెలక అంచున ఒక వలయం దొరికింది. కొలిస్తే 18 మీటర్లు. కంపాస్‌తో గీసినట్టు ఉంది. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రోజు మా చిన్నాయనకు ఫోన్ చేసి, గుర్తులు చెప్పి, అక్కడ ఏముందని అడిగాను.

"అది కళ్ళం గదరా," అన్నాడాయన. "మీ తాత ఉన్నప్పుడు ఎడ్లను గట్టి వడ్లు తొక్కిచ్చిన జాగ. పేడతోని అలికి అలికి గట్టివడ్డది. ఇప్పుడు మిషిన్లు వచ్చినయి, ఎవడు వాడుతుండు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంతలో ఆయనే అన్నాడు: "గుండ్రాలు గావాల్నంటే గుట్టకింద రాకాసిగుళ్ళు లేవా? చిన్నప్పుడు బర్లకాడికి పోయినప్పుడు వాటిలనే ఆడుకుంటిరి. పెద్దోళ్ళు తిట్టేది."

మన గుండ్రాలు

రాకాసిగుళ్ళు, రాక్షసగుళ్ళు, పాండవుల గుళ్ళు. ఈ పేర్లు తెలుగునేల మీద ఎన్ని ఊళ్ళలో ఉన్నాయో చెప్పలేం. పెద్దపెద్ద గుండురాళ్ళను వలయంగా పేర్చి, మధ్యలో రాళ్ళకుప్ప పోస్తారు. దాని కింద గొయ్యో, బండలతో కట్టిన పెట్టో ఉంటుంది. అందులో ఎముకలు, ఎరుపు నలుపు కుండలు, ఇనుప పనిముట్లు. క్రీస్తుకు పూర్వం 1000 ప్రాంతాలనుంచి క్రీస్తుశకం మొదటి శతాబ్దాల దాకా దక్కన్‌లో ఇనుము వాడిన మనుషుల సమాధులివి. ఇంతింత రాళ్ళు మామూలు మనుషులు ఎత్తలేరు, రాక్షసులో పాండవులో ఎత్తి ఉంటారని తర్వాతివాళ్ళు అనుకున్నారు. రిచ్‌బరో రైతులు తమ పైరులోని గీతలకు సెయింట్ అగస్టిన్‌ను తెచ్చుకున్నట్టే.

వీటి కాలనిర్ణయంలో ఇంగ్లండుకూ మనకూ నేరుగా ఒక ముడి ఉంది. డార్సెట్‌లోని మెయిడెన్ కాజిల్ అనే కొండకోటను 1934 నుంచి 1937 దాకా తవ్విన మార్టిమర్ వీలర్, 1944లో భారత పురావస్తు శాఖకు అధిపతిగా వచ్చాడు. 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో రోమన్ కుండపెంకులు దొరికిన పొరల్ని తవ్వించాడు. వాటి తేదీలు రోమన్ చరిత్రను బట్టి తెలుసు. 1947లో ఇప్పటి కర్ణాటకలోని బ్రహ్మగిరిలో రాతి వలయాల సమాధులనూ, పక్కనే ఉన్న ఊరి దిబ్బనూ తవ్వి, ఆ తేదీల ఆధారంగా వీటికి ఒక కాలక్రమం కట్టాడు. తర్వాతి పరిశోధనలు ఆ తేదీలను ఇంకా వెనక్కి జరిపాయి గాని, దారి వేసింది ఆ తవ్వకమే. అంతకుముందే నిజాం రాజ్యంలో హంట్ వంటివారు భువనగిరి దగ్గర రాయగిరిలో ఇలాంటి సమాధులను తవ్వి చూశారు.

మరి ఇంగ్లండు పద్ధతి మన దగ్గర అలాగే పనిచేస్తుందా? పూర్తిగా పనిచేయదు. నల్లరేగడి నేల ఎండకు నోళ్ళు తెరిచి, వానకు ఉబ్బి, తనను తానే కలియబెట్టుకుంటుంది. అందులో పాత గాడి అంచులు చెదిరిపోతాయి. వరిమడిని నీళ్ళు పెట్టి దమ్ము చేస్తాం కాబట్టి అక్కడ తేమ తేడా తెలియదు. అదీగాక చాలా ఏళ్ళు మన దేశంలో విమాన ఫోటోలూ, వివరమైన మ్యాపులూ రక్షణశాఖ అనుమతి లేనిదే చూడనిచ్చేవారు కాదు. 2021లో గాని ఆ నిబంధనలు బాగా సడలలేదు. కానీ మన సమాధులు చాలావరకు గుట్టల పక్కన, దున్నని రాతినేలల్లో, రాళ్ళతోనే ఉన్నాయి. పైరు గుర్తు అక్కర్లేదు. ఒక మీటరు కన్నా చిన్న వస్తువును చూపించే ఉపగ్రహ చిత్రంలో ఆ రాళ్ళ వలయం నేరుగా కనిపిస్తుంది.

చిన్నాయన చెప్పిన చోట చూశాను. 2000ల నాటి చిత్రంలో గుట్టకింద పన్నెండు వలయాలు లెక్కపెట్టాను. కొన్ని ముత్యాల దండ విడిపోయినట్టు ఒకపక్క చెదిరి ఉన్నాయి. కాలాన్ని ముందుకు జరిపితే తర్వాతి చిత్రంలో ఏడు మిగిలాయి, గుట్ట ఒక పక్క తెల్లగా కోసుకుపోయి ఉంది. కంకర మిషను పెట్టారట. ఆ తర్వాతి చిత్రంలో వెంచర్ రోడ్లు పడ్డాయి, ప్లాట్ల హద్దురాళ్ళు వరుసగా మెరుస్తున్నాయి. వలయాలు రెండు. నేను వెయ్యేళ్ళు, రెండువేల ఏళ్ళు నిలిచిన గీతల గురించి ఉత్సాహంగా చదువుకుంటున్న కాలంలోనే, నేను ఆడుకున్న పది వలయాలు పోయాయి. డార్చెస్టర్ కంకర కథ చదివి ఇంగ్లండు వాళ్ళ మీద జాలిపడిన నాకు, అదే కంకర మా గుట్ట కింద పడుతోందని తెలియదు.

ముప్పై కోటలు

ఇంకొక వెతుకులాట కూడా మిగిలే ఉంది. ఆంధ్రులకు ప్రాకారాలున్న నగరాలు 30 ఉన్నాయని రోమన్ రచయిత ప్లీనీ రాసిన మాట మనం స్కూలు పుస్తకాల్లో చదువుకున్నదే. ఆ 30 ఎక్కడున్నాయి? ఇప్పటి పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో శాతవాహనుల కాలపు మట్టికోట బయటపడింది. గోదావరి ఒడ్డున కోటిలింగాల మరొకటి. మట్టి కట్ట, దాని వెంట కందకం. క్రాఫర్డ్ వెతికిన ఆవరణల్లాంటివే ఇవీ. ఊళ్ళల్లో పాటిగడ్డ, కోటగడ్డ అని పిలిచే చోట్లు ఎన్నో ఉన్నాయి. పాటిమన్ను పొలానికి బలమని బండ్ల మీద తోలుకుపోవడం పెద్దలకు గుర్తే. పైనుంచి చూస్తే వాటిలో ఏది మామూలు దిబ్బ, దేని చుట్టూ ప్రాకారపు గీత నడుస్తోంది అన్నది తేలే అవకాశం ఉంది.

వెనక్కి చూడటానికి ఒక వింత సాధనం కూడా ఉంది. 1960 నుంచి 1972 దాకా అమెరికా కరోనా అనే పేరుతో గూఢచారి ఉపగ్రహాలు నడిపింది. ఫిల్మ్ డబ్బాలను ఆకాశం నుంచి జారవిడిస్తే, పారాచూట్ మీద దిగుతున్న వాటిని విమానాలు గాలిలోనే అందుకునేవి. 8 లక్షలకు పైబడిన ఆ చిత్రాల రహస్యాన్ని 1995లో తొలగించారు. సిరియాలో, ఇరాక్‌లో, తర్వాత జలాశయాల కింద, పొలాల కింద పోయిన పాత ఊరి దిబ్బలనూ వేల ఏళ్ళ నాటి దారులనూ పరిశోధకులు ఆ చిత్రాల్లో చదివారు. మన శ్రీశైలం జలాశయం 1980ల్లో వంద దాకా ఊళ్ళను ముంచింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఊడదీసి అలంపురంలో తిరిగి కట్టుకున్నాం గాని, పేరులేని రాతి వలయాలను ఎవరూ ఊడదీయలేదు. కరోనా తిరిగిన కాలానికి ఆ లోయ ఇంకా మునగలేదు. చూసే ఓపిక ఉన్నవాళ్ళకు అది ఒక పని.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. దొరికినదాన్ని అక్షాంశ రేఖాంశాలతో సహా అందరికీ చాటడం మంచిది కాదు. ఇంగ్లండులో మెటల్ డిటెక్టర్లు పట్టుకుని రాత్రిపూట పొలాల్లో పడే దొంగలున్నారు. మన దగ్గర గుప్తనిధుల పిచ్చి దానికి తక్కువేమీ కాదు. రాకాసిగుడి కింద బంగారం ఉండదు, కుండలూ ఎముకలూ ఉంటాయి. ఆ సంగతి తవ్వేవాడికి తవ్వాక గాని తెలియదు. కనబడ్డది పురావస్తు శాఖకో, విశ్వవిద్యాలయంలోని పరిశోధకులకో రాయాలి. వాళ్ళు వెళ్ళి నడిచి చూడాలి. జవాబు రాకపోతే మళ్ళీ రాయాలి. రాసి పెట్టిన కాగితం ఉంటే కనీసం పోయిందని నిరూపించడానికైనా పనికొస్తుంది. 2025 మార్చిలో నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ళు యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. ఊరివాళ్ళు నిలురాళ్ళని పిలుచుకునే ఆ బండలను ఏళ్ళ తరబడి పట్టువదలకుండా అధ్యయనం చేసిన పరిశోధకులు లేకపోతే అవీ ఏ ఇంటి పునాదిలోకో పోయేవి.

విదేశాల్లో ఉన్న మనకు రెండు సౌకర్యాలున్నాయి. ఒకటి, తెర మీద ఊరిని పైనుంచి చూడటం. దూరంగా ఉన్నందుకు అలా చూడటం మనకు ఎలాగూ అలవాటే. రెండోది, ఊళ్ళో ఫోన్ ఎత్తే పెద్దవాళ్ళు ఒకరిద్దరు. చిత్రం చూసి కళ్ళాన్ని సమాధి అనుకున్నది నేను. అది కళ్ళమనీ, సమాధులు గుట్టకింద ఉన్నాయనీ చెప్పింది చిన్నాయన. ఆయనకు ఎనభై దాటింది. గట్ల పేర్లు, దిబ్బల పేర్లు, ఎక్కడ నాగలికి పెంకులు తగులుతాయో, ఎక్కడ తవ్వొద్దని ముసలివాళ్ళు చెప్పేవారో, ఇవన్నీ ఆయనతోపాటు ఇంకో నలుగురైదుగురికి తెలుసు. ఈ గుర్తులు కూడా వేసవి పైరు గుర్తుల్లాంటివే, ఎక్కువ రోజులుండవు.

ఇప్పుడు ఆదివారాలు ఆయనకు ఫోన్ చేసి రాసుకుంటున్నాను. నలభై రెండు పేర్లు వచ్చాయి. మొన్న ఒక పేరు దగ్గర ఆగి, "ఇది చెప్తే ఏం లాభంరా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచక, ఇంకో రెండు వలయాలు మిగిలినయి కదా చిన్నాయనా, అన్నాను.

"ఒకటే," అన్నాడు. "మొన్న ఇంకోదాన్ని తీసేసిన్రు."